నాయన మాత్రలు ఆపాలా? పార్కిన్సన్స్ మందులు ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందంటే

గుత్తి దగ్గరి పల్లె నుంచి ఒక అమ్మాయి అడిగింది. వాళ్ల నాయనకు 66 ఏళ్లు, పార్కిన్సన్స్, అంటే కంపవాతం, వచ్చి ఏడేళ్లు. సిండోపా రోజుకు నాలుగు మాత్రలు, మొదటి నుంచీ పాసిటేన్, ఏడాదిన్నరగా ప్రమిపెక్సోల్ వాడుతున్నారు. ఇప్పుడు మాత్ర వేసుకున్న గంటకు ఒళ్లంతా మెలికలు తిరుగుతోంది. మూడు గంటలు గడిచేసరికి మళ్లీ కట్టెలా బిగుసుకుపోతున్నాడు. రాత్రిపూట గదిలో ఎవరో పిల్లలు కూర్చున్నారంటున్నాడు. "ఇన్నేళ్లు మాత్రలు మింగి మింగి నరాలు చెడిపోయినాయి, అవన్నీ ఆపేసి దూలగొండి పొడి పెట్టండి" అని మేనమామ పట్టుబడుతున్నాడు. ఆపాలా, వద్దా? చివర్లో ఇంకో వాక్యం రాసింది: "ఈ మధ్య నాయన ఫోన్‌లో రమ్మీ ఆడి కొంచెం డబ్బు పోగొట్టుకున్నాడు, అది వేరే సంగతి లెండి."

తల్లీ, అది వేరే సంగతి కాదు. మీరు రాసిన వాటన్నిటిలో ముందుగా చూడాల్సింది అదే. అయితే దానికన్నా ముందు ఒక మాట. ఈ జవాబు చదివి ఏ మాత్రనూ మీ అంతట మీరు ఆపొద్దు, తగ్గించొద్దు, పెంచొద్దు. ఎందుకో కింద చెబుతాను.

నేను డాక్టరును కాను. అనంతపురంలో 31 ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మా ఆయన హైస్కూల్లో లెక్కల అయ్యవారు. 2008లో బోర్డు మీద రాస్తుంటే అంకెలు పోనుపోను చిన్నవైపోతున్నాయని పిల్లలు చెప్పారు. అదే మొదలు. 2022లో ఆయన పోయేదాకా మాత్రల డబ్బా నా చేతిలోనే ఉండేది. ఆస్పత్రిలో నేర్చుకున్నది ఒక ఎత్తు, ఆ డబ్బా నేర్పింది ఒక ఎత్తు.

ఇక రమ్మీ సంగతి. ఈ జబ్బులో మెదడులో తగ్గిపోయే రసాయనం డోపమైన్. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు అది చేసే పనిని దానికి బదులుగా చేస్తాయి. చేతులూ కాళ్లూ కదిలించే చోటే పనిచేసి ఊరుకోవు. "ఇంకొక్కసారి" అని మనసును లాగే చోట కూడా పనిచేస్తాయి. అందుకే కొందరికి జూదం, అక్కర్లేని కొనుగోళ్లు, అదుపు లేని తిండి, అదుపు లేని కామం మొదలవుతాయి. 2010లో అచ్చయిన ఒక పెద్ద పరిశీలనలో అమెరికా, కెనడాల్లో 3,090 మంది రోగులను చూశారు. ఈ రకం మందులు వాడేవాళ్లలో 100కి 17 మందికి, వాడనివాళ్లలో 100కి ఏడుగురికి ఇలాంటి అలవాటు ఏదో ఒకటి కనిపించింది. మనిషి గుణం చెడి కాదు, మందు వల్ల.

మా ఇంట్లో ఎలా బయటపడిందో చెబుతాను. ఒక ఆదివారం బట్టలు నానబెడుతూ ఆయన చొక్కా జేబులు తడిమాను. నాలుగు మడతలు పెట్టిన చిన్న కాగితం దొరికింది. మట్కా చీటీ. వెనకవైపు ఆయన చేతిరాతతోనే, చీమతలకాయంత అక్షరాలతో, అంకెల వరసలు. జన్మలో పేకముక్క పట్టని మనిషి, దీపావళికి కూడా ఆడడు. అడిగితే మొదట కాదన్నాడు, తరువాత ఏడ్చాడు. అప్పటికే రిటైర్‌మెంటు డబ్బులో 80 వేలు పోయాయి. అదే రోజుల్లో రాత్రి రెండు గంటలకు లేచి ఇంట్లోని పాత ట్రాన్సిస్టరు విప్పేవాడు. పేపరు పరిచి దాని మీద స్క్రూలు చిన్నవి ఒక వరస, పెద్దవి ఒక వరస పేర్చేవాడు. బిగించేవాడు, మళ్లీ విప్పేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. ఇదీ ఆ జాతిదేనని నాకు అప్పుడు తెలియదు.

నేను నర్సునై ఉండీ ఈ సంగతి డాక్టరుకు చెప్పడానికి ఏడాదిన్నర పట్టింది. సిగ్గు. అయ్యవారి పరువు పోతుందని. ప్రతిసారీ గదిలోకి వెళ్లి వణుకు గురించి, మలబద్ధకం గురించి చెప్పి బయటికి వచ్చేదాన్ని. చివరికి చెప్పినప్పుడు ఆ డాక్టరు "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా" అని ఒక్క మాట అని, ప్రమిపెక్సోల్‌ను వారాల మీద మెల్లమెల్లగా తగ్గించారు. మూడు నెలలకు ఆ పిచ్చి పూర్తిగా వదిలింది. తగ్గించే రోజుల్లో మాత్రం చాలా బాధపడ్డాడు. గుండెదడ, దిగులు, చెమటలు, ఎవరితోనూ మాట్లాడకపోవడం. ఈ రకం మందును తీసేటప్పుడు కొందరికి ఇలా అవుతుంది, అందుకే దాన్ని ఒక్కసారిగా తీయరు. మీ నాయన విషయంలోనూ డాక్టరు ఆ దారే పట్టొచ్చు. అంతదాకా ఆయన ఫోన్‌లో డబ్బు కట్టే యాప్‌లు తీసేయండి, బ్యాంకు కార్డు అమ్మ దగ్గర పెట్టండి. తిట్టొద్దు. ఆయన చేతిలో లేని పని అది.

ఇంకో మాట, మొహమాటం లేకుండా. కామం సంగతి కూతురిగా మీరు అమ్మను అడగలేరు, ఆమె మీకు చెప్పలేదు. ఈసారి వెళ్లినప్పుడు అమ్మను డాక్టరుతో పది నిమిషాలు ఒంటరిగా మాట్లాడనివ్వండి. రాత్రిళ్లు నలిగిపోతూ ఎవరికీ చెప్పుకోలేక ఉన్న ఆడవాళ్లను నేను చూశాను. అలాగే సిండోపా స్ట్రిప్పులు లెక్కపెట్టండి. కొందరు ఒళ్లు తేలిగ్గా అనిపిస్తుందని చెప్పకుండా అదనంగా వేసుకుంటారు, నెలకు కొన్నవి ఇరవై రోజులకే అయిపోతాయి.

ఇప్పుడు మెలికలు, బిగుసుకుపోవడం. మీ మేనమామ మాటకు జవాబు ఇందులోనే ఉంది.

మీ తోటకు నీళ్లు పెట్టే పద్ధతినే గుర్తు తెచ్చుకోండి. త్రీఫేజ్ కరెంటు వచ్చినప్పుడే బోరు ఆడుతుంది. పెద్ద తొట్టి ఉంటే కరెంటు ఎప్పుడు వచ్చినా నింపి పెట్టుకుని రోజంతా సమంగా పారించవచ్చు. ఏటా ఆ తొట్టి గోడ కాస్త కాస్త కూలి చిన్నదైపోయిందనుకోండి. కరెంటు రాగానే నీళ్లు గట్టు దాటి పొర్లుతాయి, కరెంటు పోగానే మడి ఎండుతుంది. మాత్ర ఆ కరెంటు. తొట్టి మెదడులో డోపమైన్ తయారుచేసి దాచుకునే కణాలు. సిండోపాలోని అసలు మందు లెవోడోపా, మెదడులో డోపమైన్‌గా మారేది అదే. అది రక్తంలో నిలిచేది చాలా తక్కువ సేపు, గంటా గంటన్నరకే సగం అయిపోతుంది. మొదటి ఏళ్లలో మిగిలిన కణాలు దాన్ని తీసి దాచుకుని రోజంతా వాడుకుంటాయి కాబట్టి మూడు మాత్రలతో రోజు గడిచిపోతుంది. జబ్బు ముదిరి కణాలు తగ్గేకొద్దీ దాచుకునే చోటు ఉండదు. ఇక మాత్ర ఎక్కిన గంటకు పొర్లడం, అదే మెలికలు తిరగడం. మూడు గంటలకు ఎండడం, అదే బిగుసుకుపోవడం. డాక్టర్లు మొదటిదాన్ని డిస్కినీసియా అంటారు, రెండోదాన్ని వేరింగ్ ఆఫ్ అంటారు. మా ఇంట్లో మాత్ర ఎక్కింది, మాత్ర దిగింది అనుకునేవాళ్లం.

కాబట్టి తొట్టి చిన్నదవడం జబ్బు పని. పొర్లడంలో మందుకూ భాగం ఉంది, అది కాదనను. లెవోడోపా నాలుగు నుంచి ఆరేళ్లు వాడినవాళ్లలో 100కి సుమారు 40 మందికి ఈ మెలికలు వస్తాయని చాలా పరిశీలనలు కలిపి లెక్కగట్టారు. మోతాదు పెద్దదైతే ఎక్కువ, చిన్న వయసులో జబ్బు వచ్చినవాళ్లకు ఇంకా ఎక్కువ. కానీ "మందు ఆలస్యంగా మొదలుపెట్టి ఉంటే ఇది వచ్చేది కాదు" అనే మాట నిలబడలేదు. 2014లో వచ్చిన ఒక పని నాకు బాగా గుర్తుంది. ఆఫ్రికాలోని ఘనా దేశంలో మందు దొరక్క రోగులు సగటున నాలుగేళ్లు దాటాక గానీ లెవోడోపా మొదలుపెట్టలేకపోయారు. ఇటలీలో రెండున్నర ఏళ్లకే మొదలైంది. మెలికలు మాత్రం రెండు దేశాల్లోనూ జబ్బు మొదలైనప్పటి నుంచి లెక్కేస్తే దాదాపు అదే కాలానికి వచ్చాయి. ఘనా వాళ్లు మందు లేకుండా గడిపిన ఆ కాలం వాళ్లను దేన్నుంచీ కాపాడలేదు, బాధ మాత్రం మిగిల్చింది. 2019లో 445 మందితో చేసిన మరో పరీక్షలో 40 వారాలు ముందుగా మొదలుపెట్టినవాళ్లకూ, ఆగి మొదలుపెట్టినవాళ్లకూ చివరికి జబ్బు నడకలో తేడా తేలలేదు. మందు నరాలను చెడగొడుతుందన్న భయానికి అందులో ఆధారం దొరకలేదు.

ఈ మెలికలు చూసేవాళ్లకు ఘోరంగా ఉంటాయి. పెళ్లిలో బంతిలో కూర్చుంటే మా ఆయన భుజం, మెడ పాములా తిరిగేవి, పక్కవాళ్లు విస్తరి జరుపుకునేవాళ్లు. నాకు ప్రాణం చచ్చిపోయేది. ఆయనేమో "ఇప్పుడే కదా నేను నడవగలిగేది, మాట్లాడగలిగేది, నాకేం బాధ లేదు" అనేవాడు. నా సంకటం చూసి ఒకసారి డాక్టరు మోతాదు తగ్గించారు. వారం రోజులు మంచం మీద నుంచి లేవలేకపోయాడు. అప్పుడు తెలిసింది, మందు సర్దేది ఆయన కోసం, బంతిలో పక్కన కూర్చున్నవాళ్ల కోసం కాదని. అందుకని మీ నాయననే అడగండి, ఆ మెలికలు ఆయనకు అడ్డమా, మీ కళ్లకు అడ్డమా. ముద్ద నోటికి పోకుండా, పడిపోయేంతగా ఉంటే అప్పుడు దారులున్నాయి. ఒకేసారి పెద్ద మాత్ర కాకుండా అదే మొత్తాన్ని చిన్న చిన్నగా, దగ్గర దగ్గర గంటల్లో ఇవ్వడం. మందు పని ఎక్కువసేపు నిలిచేలా ఎంటాకపోన్ లాంటిది జోడించి సిండోపా తగ్గించడం. మెలికలకే అమాంటడిన్ ఇవ్వడం. అమాంటడిన్‌తో కాళ్ల వాపు, తొడల మీద వలలాంటి ఊదారంగు గీతలు రావచ్చు. మనుషులు కనబడడం ఎక్కువ కావచ్చు కూడా. మీ నాయనకు ఇప్పటికే పిల్లలు కనబడుతున్నారు గనుక డాక్టరు దాని జోలికి వెంటనే పోకపోవచ్చు. అందుకే అన్ని సంగతులూ ఒకేసారి చెప్పాలంటాను.

ఆపరేషన్ గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. మెదడులోకి సన్నని తీగలు పంపి, ఛాతీ చర్మం కింద బ్యాటరీ పెట్టే డీబీఎస్. మన జిల్లావాళ్లు దానికి బెంగళూరు నిమ్హాన్స్‌కో, హైదరాబాదు నిమ్స్‌కో వెళతారు. మాత్ర ఎక్కడం దిగడం మధ్య ఊగిసలాట ఎక్కువైనవాళ్లకు అది మేలు చేస్తుంది. మతిమరుపు, భ్రమలు ఉన్నవాళ్లకు సాధారణంగా వద్దంటారు. ముందు రాత్రి కనబడేవాళ్ల సంగతి తేలాలి.

ఆ సంగతికే వస్తున్నా. పిల్లలు, మేకలు, చనిపోయిన వాళ్లమ్మ, మూలన నిలబడ్డ మనిషి. ఈ జబ్బులో కనబడేవి చాలావరకు ఇలాంటివే, ఎక్కువగా చీకటి పడ్డాక. మొదట్లో మనిషికి అవి నిజం కావని తెలుస్తూనే ఉంటుంది. దయ్యం పట్టిందని తాయెత్తులకు పరుగెత్తొద్దు, పిచ్చి పట్టిందనీ అనుకోవద్దు. "ఎవరూ లేరు, కళ్లు పోయినాయా" అని వాదించినా లాభం లేదు. లైటు వేసి, చేయి పట్టుకుని, మాట మార్చండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు మీరు చూడగలిగినవి చూడండి. మూత్రంలో మంట, జ్వరం ఉందా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఒక్కటి చాలు ముసలివాళ్ల తెలివి తారుమారు కావడానికి. నాలుగు రోజులుగా విరేచనం లేదా? నీళ్లు తాగుతున్నాడా? కొత్తగా ఏదైనా మందు చేరిందా? ఇవన్నీ లేకపోతే అప్పుడు వాడే మందుల వైపు చూస్తారు. సాధారణంగా మొదట తీసేది పాసిటేన్ జాతిని, తరువాత అమాంటడిన్, ప్రమిపెక్సోల్ లాంటివి. లెవోడోపాను చివరిదాకా ఉంచుతారు, కదలికకు ఆధారం అదే కాబట్టి. అవి తీసినా తగ్గకపోతే క్వెటియాపిన్ చిన్న మోతాదులోనో, రక్తపరీక్షలు చేయిస్తూ క్లోజాపిన్‌నో ఇస్తారు. మామూలుగా మానసిక జబ్బులకు ఇచ్చే హాలోపెరిడాల్ మాత్రం ఈ జబ్బువాళ్లకు ఇవ్వకూడదు. డోపమైన్ దారినే మూసేస్తుంది, మనిషి రాయిలా అయిపోతాడు.

పాసిటేన్ గురించి గట్టిగా చెప్పాలి. దాని అసలు పేరు ట్రైహెక్సిఫెనిడిల్. వణుకు తగ్గిస్తుందని, ధర తక్కువని మన వైపు చాలామందికి మొదట్లోనే రాసేస్తారు, తరువాత ఎవరూ దాన్ని తిరిగి చూడరు, చీటీ మీద చీటీలో అది అలాగే సాగుతూ పోతుంది. వయసు మళ్లినవాళ్లకు అది మంచిది కాదు. నోరు ఎండుతుంది, మలబద్ధకం పెరుగుతుంది, ప్రొస్టేట్ వాపు ఉన్నవాళ్లకు మూత్రం ఆగిపోవచ్చు, గ్లాకోమా ఉంటే కంటికి ప్రమాదం, అన్నిటికన్నా మించి జ్ఞాపకం మొద్దుబారుతుంది. మీ నాయనకు మతిమరుపు కూడా ఉంటే అది జబ్బుదా, ఈ మాత్రదా అని డాక్టరును సూటిగా అడగండి. తీయాలంటే దీన్నీ మెల్లగానే తీయాలి.

తల తిరిగి పడిపోవడం మీరు రాయలేదు, అయినా అడుగుతున్నాను, మంచం మీద నుంచి లేవగానే తూలుతున్నాడా? ఈ జబ్బూ, ఈ మందులూ రెండూ లేచి నిలబడినప్పుడు బీపీని పడగొడతాయి. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడి మూడు నిమిషాలకు ఒకసారి కొలవండి. పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ పడితే చీటీలో రాసుకెళ్లండి. చాలామంది పదేళ్ల కిందట రాసిన బీపీ మాత్ర అలాగే మింగుతుంటారు, ప్రొస్టేట్ మాత్ర ఒకటి తోడవుతుంది. మే నెలలో మన ఎండకు చెమటపట్టి ఒంట్లో నీరు తగ్గితే ఇక చెప్పేదేముంది. మా ఆయన రెండుసార్లు పడింది ఎండాకాలంలోనే, తెల్లవారుజామున బాత్‌రూముకు లేచి. ఆ తరువాత మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టాం. లేచేముందు రెండు గ్లాసుల నీళ్లు తాగించేదాన్ని, మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోబెట్టేదాన్ని.

మిగతావి చిన్నవి. సిండోపా వాడేవాళ్ల చెమట, ఉమ్మి, మూత్రం ఎర్రగానో నల్లగానో రావచ్చు, తెల్ల బనియన్ల మీద మచ్చలు పడతాయి, ప్రమాదం లేదు. ఎంటాకపోన్‌తో మూత్రం నారింజ రంగులో వస్తుంది, అదీ అంతే. ప్రమిపెక్సోల్‌తో పాదాలు వాస్తాయి, ఉన్నట్టుండి నిద్ర ముంచుకొస్తుంది. బండి నడుపుతున్నాడేమో, తాళం దాచండి. ఏళ్ల తరబడి లెవోడోపా వాడినవాళ్లలో బీ12 తగ్గి అరికాళ్లు తిమ్మిరెక్కడం ఉంది, ఏడాదికోసారి రక్తంలో బీ12 చూపించుకోవడం మంచిది.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం పార్కిన్సన్స్ మందుల డబ్బాలో లేదు, పక్క డబ్బాలో ఉంది. ఒకసారి మా ఆయనకు వాంతులైతే ఒక ఆస్పత్రికి తీసుకుపోయాను. డ్యూటీలో ఉన్న పిల్ల వాంతుల ఇంజెక్షన్ ఇచ్చింది. కంగారులో ఏ మందని నేను అడగలేదు. సాయంత్రానికి దవడ బిగిసింది, మింగలేకపోయాడు, కళ్లార్పడం కూడా తగ్గిపోయింది. ఇచ్చింది మెటోక్లోప్రమైడ్. డోపమైన్‌ను అడ్డుకునే మందు. మామూలు మనిషికి చాలావరకు ఫరవాలేదు, ఈ జబ్బువాళ్లకు విషంతో సమానం. మళ్లీ మామూలు కావడానికి నాలుగు రోజులు పట్టింది. ఇలాంటివే ప్రోక్లోర్‌పెరజిన్, తలతిరుగుడుకు ఇచ్చే సిన్నారిజిన్, ఫ్లూనారిజిన్. అన్నిటికన్నా మోసం చేసేది గ్యాస్ మాత్ర. రాబెప్రజోల్‌తోనో పాంటోప్రజోల్‌తోనో లెవోసల్పిరైడ్ కలిపిన క్యాప్సూల్ మన మెడికల్ షాపుల్లో బాగా నడుస్తుంది. నెలల తరబడి మింగితే జబ్బు లేనివాళ్లకే వణుకు తెప్పించగలదు. మీ నాయన గ్యాస్ మాత్ర స్ట్రిప్పు తిప్పి చిన్న అక్షరాలు చదవండి. వాంతులకు డోమ్‌పెరిడోన్ అయితే వీళ్లకు నయం, గుండెజబ్బు ఉంటే అదీ అడిగే వాడాలి. పార్కిన్సన్స్‌కే ఇచ్చే రసాజిలిన్, సెలెజిలిన్ వాడేవాళ్లు నొప్పులకు ట్రామడాల్, దగ్గుకు డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న మందు తీసుకోకూడదు.

ఇప్పుడు ఆపడం గురించి. లెవోడోపా ఒక్కసారిగా ఆగితే ఒళ్లు కర్రలా బిగిసి, జ్వరం 104 దాటి, తెలివి తప్పి, కండరాలు కరిగి కిడ్నీలు దెబ్బతినే పరిస్థితి రావచ్చు. ప్రాణం మీదికి వస్తుంది. 1970లలో మెలికలు తగ్గుతాయేమోనని పెద్ద పెద్ద ఆస్పత్రుల్లోనే కొన్నాళ్లు మందు ఆపి చూసేవాళ్లు, దానికి "మందుకు సెలవు" అని పేరు కూడా పెట్టారు. ఇలాంటి ప్రమాదాలు చూసే ఆ పద్ధతి వదిలేశారు. డాక్టర్ల కళ్లముందే ఆపలేనిది, పల్లెలో ఇంట్లో మీరు ఎలా ఆపుతారు? వేరే ఆపరేషన్ కోసం ఆస్పత్రిలో చేర్చినా, "నోటితో ఏమీ ఇవ్వొద్దు" అన్నా, ఈ మాత్ర సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. గంట తప్పకూడదు.

మీ మేనమామ చెప్పిన దూలగొండిని నేను తీసిపారేయను. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దూలగొండి గింజల్లోంచి లెవోడోపాను వేరుచేసి చూపారు. కంపవాతానికి మన వైద్యులు దాన్ని వాడింది ఉత్తినే కాదు. కానీ ఆలోచించండి, మాత్రలో ఉన్నదీ లెవోడోపానే, పొడిలో ఉన్నదీ లెవోడోపానే. మాత్ర వల్ల మెలికలు వస్తే పొడి వల్లా వస్తాయి. తేడా ఏమిటంటే మాత్రలో ఇన్ని మిల్లీగ్రాములని కొలత ఉంది, పొడిలో ఏ గింజలో ఎంతుందో తెలియదు. మాత్రలో కార్బిడోపా కూడా ఉంది. అది లెవోడోపా దారిలోనే ఖర్చయిపోకుండా మెదడుకు చేరేలా చూస్తుంది, వాంతులు రాకుండా ఆపుతుంది. పొడిలో అది ఉండదు. సిండోపా మీద మళ్లీ ఆ పొడి కలిపితే మెలికలు, భ్రమలు రెండూ రెట్టింపు కావచ్చు.

మాత్ర ఎక్కకపోవడానికి చాలాసార్లు కంచమే కారణం. పప్పు, గుడ్డు, మాంసం, పాలలోని మాంసకృత్తులు లెవోడోపాతో పోటీపడి పేగులోనూ మెదడు గుమ్మంలోనూ దాన్ని ఆపుతాయి. మధ్యాహ్నం సంగటిలోకి పప్పు, చెనిక్కాయల ఊరిబిండి కడుపునిండా తిని వెంటనే మాత్ర వేసుకుంటే అది ఎక్కదు. "మధ్యాహ్నం మాత్ర పనిచేయడం మానేసింది" అనుకుని మోతాదు పెంచించుకుంటారు, అప్పుడు సాయంత్రం మాత్రకు మెలికలు. తిండికి అరగంట ముందు, లేదా తిన్న గంటకు పైన వేయండి. పప్పు, గుడ్డు మానిపించొద్దు, మనిషి ఎండిపోతాడు. వాటిని రాత్రి భోజనంలోకి జరపండి, పగలు సంగటి, ఆకుకూర, చారు, ఉగ్గాని లాంటివి పెట్టండి. రక్తం మాత్ర, అంటే ఐరన్, వాడుతుంటే సిండోపాకూ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు మూడు రోజులు గోడ క్యాలెండర్ వెనక గీతలు గీసి గంట గంటకూ రాయండి. మాత్ర ఎన్నింటికి వేశాడు, ఎన్నింటికి ఎక్కింది, మెలికలు ఎప్పుడు, బిగుసుకున్నది ఎప్పుడు, ఏం తిన్నాడు, రాత్రి ఎవరు కనబడ్డారు. మెలికలు మాత్ర ఎక్కినప్పుడు వస్తున్నాయా, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వస్తున్నాయా అన్నదాన్ని బట్టి వైద్యం మారిపోతుంది, అది గదిలో ఐదు నిమిషాల్లో చూసి చెప్పలేరు. ఫోన్‌లో వీడియోలు తీయండి, పొద్దున మొదటి మాత్రకు ముందు ఒకటి, గంటన్నరకు ఒకటి. మొహమే కాకుండా కాలివేళ్ల దాకా పడాలి. తెల్లారగట్ల వేళ్లు ముడుచుకుపోయి నొప్పి పెడుతున్నాయా అని అడుగుతారు. ఇంట్లో ఉన్న మందులన్నీ, గ్యాస్ మాత్రలు, నొప్పి మాత్రలు, పొడులు సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.

రమ్మీ సంగతి కాగితం మీద మొదటి వరుసలో రాసి డాక్టరు చేతికివ్వండి, నోటితో చెప్పడం కష్టమైతే. వీలైతే మీ మేనమామనూ వెంటబెట్టుకుపోండి. దూలగొండి గురించి ఆయననే అడగనివ్వండి.